సర్వే నంబరు పట్టుకుని ముత్తాతల దాకా

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: మీ ఊరు పరకాల దగ్గర, తరతరాలుగా వ్యవసాయమే. తాత రాజయ్య, ఆయన తండ్రి మల్లయ్య. అంతకు పైన ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ మల్లయ్య వేరే ఊరి నుంచి వచ్చాడని మీ బాపమ్మ అంటుంది కానీ ఏ ఊరో చెప్పలేకపోతోంది. మీసేవకు పోతే పేరు కొడితే పాత రికార్డు రాదన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంత వెనక్కి పోవచ్చు అని అడిగారు.

తాలూకా ఆఫీసులు ఉన్న రోజుల నుంచి రెవెన్యూ రికార్డుల్లో పనిచేసినవాణ్ణి, ఉర్దూ పహాణీలు, అంటే ఏ నంబరు ఎవరి పట్టా, ఎవరి సాగు అని ఏటేటా రాసే రిజిస్టర్లు, చదవడం అప్పుడే పట్టుబడింది. మీలాంటి ప్రశ్నతో వచ్చేవాళ్లంటే నాకు చాలా ఇష్టం. ఎక్కువ మంది భూమి తగాదా వచ్చినప్పుడే ఈ కాగితాల జోలికి వస్తారు. ముత్తాత పేరు కోసమే వచ్చేవాళ్లు తక్కువ. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మీసేవలో చెప్పింది తప్పు కాదు. నిజాం కాలం నుంచి మనకు వచ్చిన రికార్డు భూమి వెంట నడుస్తుంది. ఏ రిజిస్టర్ తెరిచినా ముందు కనిపించేది సర్వే నంబరు. పేరు తరానికోసారి మారుతుంది, రాసినవాడి చెవిని బట్టి కూడా మారుతుంది. నంబరు మాత్రం చాలా ఊళ్లలో వందేళ్లకు పైగా అదే ఉంది. మల్లయ్యను వెతకడం కంటే మల్లయ్య దున్నిన చెలకను వెతకడం సులువు. చెలక దొరికితే దాని మీద ఎక్కిన పేర్లన్నీ ఒక్కొక్కటిగా దొరుకుతాయి.

కాబట్టి ముందు ఇంట్లో ఉన్న పాస్‌బుక్ తీయండి. మీ బాపు పేరు మీద, పెద్దనాయన, చిన్నాయనల పేర్ల మీద ఉన్న సర్వే నంబర్లు రాసుకోండి. అవి 214/అ/1 లాగా ముక్కలై ఉంటాయి. ఆ ముక్కలు తర్వాతి కాలంలో వచ్చినవి, మీకు కావలసింది 214 అనే మూల నంబరు. తర్వాత బాపమ్మ దగ్గర కూర్చుని మనుషుల పేర్లు అడిగే ముందు భూముల పేర్లు అడగండి. తుమ్మలకుంట చెలక, పెద్దచెరువు కింది మడి, దేవుని మాన్యం పక్కది, ఇట్లా. ఎనభై ఏళ్ల మనిషికి మామగారి తండ్రి పేరు గుర్తు రాకపోవచ్చు కానీ ఏ చెలక ఎవరి నుంచి వచ్చింది, ఏది అమ్ముకున్నారు, ఏది ఆడబిడ్డకు పసుపు కుంకుమ కింద ఇచ్చారు అన్నది మాత్రం మరిచిపోదు. అమ్ముకున్న భూమి కూడా మీ వెతుకులాటకు అంతే ముఖ్యం, దాని నంబరు కూడా సంపాదించండి.

రెండో పని, మీ ఊరి చిరునామా చరిత్ర తెలుసుకోవడం. ఇది వినడానికి చిన్న విషయంలా ఉంటుంది కానీ సగం మంది ఇక్కడే ఆగిపోతారు. పరకాల నిజాం పాలన చివరి దశాబ్దాల్లో కరీంనగర్ జిల్లా తాలూకా. తర్వాత వరంగల్ జిల్లాకు వచ్చింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు వరంగల్ రూరల్‌లో పడింది, 2021లో హనుమకొండ జిల్లా అయింది. జనగామ వైపు వాళ్లకు ఇదే కథ నల్లగొండతో ఉంటుంది. ప్రతి మార్పులోనూ రికార్డుల కట్టలు ఒక బీరువా నుంచి ఇంకో బీరువాకు పోయాయి, కొన్ని పాత తాలూకా కేంద్రంలోనే ఉండిపోయాయి. మీ మండల ఆఫీసులో లేదన్నారంటే అది ఎక్కడా లేదని అర్థం కాదు. పాత తాలూకా కేంద్రంలో, కలెక్టరేట్ రికార్డు రూములో కూడా అడగాలి. ఇంకో మాట, మీరు ఉండే ఊరు సొంత రికార్డు ఉన్న రెవెన్యూ గ్రామమా, ఇంకో ఊరి కింద లెక్కలో ఉండే శివారు పల్లెనా చూసుకోండి. శివారు పల్లె పేరుతో దరఖాస్తు పెడితే రికార్డు లేదనే జవాబు వస్తుంది.

ఇక వెనక్కి నడిచే దారి. ఇప్పటి ఆన్‌లైన్ రికార్డు భూభారతి, దానికి ముందు 2020లో వచ్చిన ధరణి, అంతకు ముందు పట్టాదారు వారీగా ఉండే 1-బి రిజిస్టర్, కంప్యూటర్ పహాణీలు. వీటిలో మీకు పెద్దగా కొత్తది ఏమీ దొరకదు, నంబరు సరిచూసుకోవడానికి చాలు. అక్కడి నుంచి చేతిరాత పహాణీలకు పోవాలి. 1984లో పట్వారీ, పటేల్ వ్యవస్థ రద్దయినప్పుడు అన్ని ఊళ్ల కాగితాలు సరిగ్గా అప్పజెప్పలేదు, అందుకే ఆ నాటి పహాణీల్లో ఏడాదికి ఏడాది ఖాళీలు ఉంటాయి. ఖాళీ వస్తే అక్కడే కూర్చోకండి, దాటి వెనక్కి పోండి. మీరు ఎలాగైనా చేరాల్సింది 1954-55 ఖాస్రా పహాణీ.

ఖాస్రా పహాణీ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. హైదరాబాద్ రాష్ట్రం ఇండియన్ యూనియన్‌లో కలిశాక, జాగీర్లు రద్దయ్యాక, 1950 కౌలుదారీ చట్టం వచ్చాక, ఊరూరా ఏ నంబరు ఎవరి పట్టా, ఎవరి సాగు అని కొత్తగా రాసిన రికార్డు ఇది. దాని వెంటనే 1955-58 చేసాల పహాణీ వస్తుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకదాంట్లో అస్పష్టంగా ఉన్న పేరు రెండోదాంట్లో తేటగా ఉంటుంది.

ఒక వరుస ఎలా చదవాలో చూపిస్తాను. సర్వే నంబరు 214 అనుకోండి, విస్తీర్ణం 6 ఎకరాల 12 గుంటలు, ఖుష్కీ, అంటే వానకు పండే మెట్ట. పట్టాదారు కాలమ్‌లో "రామయ్య వలద్ ఎల్లయ్య" అని ఉంది. వలద్ అంటే ఫలానా వారి కొడుకు. మీ మల్లయ్య పేరు అక్కడ లేదు. చాలామంది ఇక్కడే నిరాశపడి పేజీ మూసేస్తారు. మూయొద్దు, అదే వరుసలో ఇంకా ముందుకు పోండి. అనుభవదారు కాలమ్‌లో "మల్లయ్య వలద్ కొమురయ్య" అని ఉండొచ్చు. అక్కడ మీకు ఒక్క గీతలో కొత్త తరం దొరికింది, మీ ముత్తాత తండ్రి కొమురయ్య. ఏ హక్కుతో సాగు చేస్తున్నాడో కూడా అక్కడే రాసి ఉంటుంది. విరాసత్ అంటే వారసత్వంగా, ఖరీదీ అంటే కొనుక్కుని, కౌలు అంటే కౌలుకు. షిక్మీ అని ఉంటే పట్టా వేరేవాళ్లదైనా ఆ భూమిలో ఆయనకూ భాగం ఉందని. పాత రోజుల్లో ఉమ్మడి కుటుంబం భూమి పెద్దన్న ఒక్కడి పేరు మీదే పట్టా అయ్యేది, తమ్ముళ్లు హిస్సేదార్లుగానో, అంటే వాటాదార్లుగానో, షిక్మీదార్లుగానో ఉండేవాళ్లు. పట్టాదారు కాలమ్ ఒక్కటే చదివితే తమ్ముళ్ల వంశాలన్నీ మాయమైపోతాయి. పేరు పక్కన "వగైరా" అని ఉంటే ఇంకా మనుషులు ఉన్నారని గుర్తు పెట్టుకోండి.

విస్తీర్ణాన్ని కూడా లెక్కగట్టండి, దీన్ని ఎవరూ చేయరు. ఎకరానికి 40 గుంటలు. 6 ఎకరాల 12 గుంటలంటే 252 గుంటలు. ఇద్దరు అన్నదమ్ములు పంచుకుంటే చెరి 3 ఎకరాల 6 గుంటలు, ముగ్గురైతే 2 ఎకరాల 4 గుంటలు, నలుగురైతే ఎకరం 23 గుంటలు. మీ తాత పేరు మీద 2 ఎకరాల 4 గుంటలు ఉంటే పైతరంలో ముగ్గురు వాటాదారులు ఉన్నారన్నమాట. ఇప్పుడు మీ బాపు పాస్‌బుక్‌లో ఎకరం 2 గుంటలు ఉంటే ఆ వాటా మళ్లీ రెండైంది. నేను చూసిన ఒక కుటుంబంలో ఇద్దరన్నదమ్ములే అని గట్టిగా చెప్పేవాళ్లు, గుంటలేమో ముగ్గురిని చూపించాయి. ఆ మూడో మనిషి ఇల్లరికం పోయి, కొన్నేళ్లకు తన వాటా అన్నలకు వదిలేశాడు. ఆయన మనుమలు పక్క తాలూకాలోనే ఉన్నారు, రెండు ఇళ్లకూ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. భూమి కొన్నిచోట్ల అమ్ముడుపోయి ఈ లెక్క చెడుతుంది, అయినా వేసి చూడడం మంచిది.

పేరు మారిన ప్రతిచోటా ఆగండి. రాజయ్య పేరు ఏ ఏడాది ఎక్కింది, మల్లయ్య పేరు ఏ ఏడాది పోయింది? ఆ వరుసలో చివరి కాలమ్‌లో ఫౌతీ అనో, విరాసత్ మంజూరు అనో ఒక ఫైలు నంబరు, తారీఖు ఉండొచ్చు. ఫౌతీ అంటే పట్టాదారు చనిపోయాడని. ఆ ఫైలే మీకు అసలు కావలసింది. వారసత్వ విచారణలో పట్వారీ, ఊరి పెద్దలు ఇచ్చిన వాంగ్మూలం, చనిపోయిన మనిషికి కొడుకులెంతమంది, భార్య బతికుందా, బిడ్డలు ఎక్కడ ఉన్నారు అన్న వివరాలు అందులో ఉంటాయి. అన్ని ఫైళ్లూ మిగల్లేదు. దొరికిందంటే మాత్రం పది పహాణీల విలువ చేస్తుంది.

దీనికి సమాంతరంగా 1951 నాటి రక్షిత కౌలుదారుల రిజిస్టర్ చూడండి. మన దగ్గర దున్నినవాడికి పట్టా లేని భూమి చాలా ఎక్కువ. దేశ్‌ముఖ్‌ల భూమి, దొరల భూమి తరాలుగా సాగు చేసిన కుటుంబాల పేర్లు ఆ రిజిస్టర్‌లో తండ్రి పేరుతో సహా ఉంటాయి. వాళ్లలో చాలామందికి తర్వాత ఆ కౌలుదారీ చట్టం 38-ఇ సెక్షన్ కింద, భూమికి వాళ్లే యజమానులని చెప్పే సర్టిఫికెట్లు వచ్చాయి. చాలా తాలూకాల్లో ఆ సెక్షన్ 1973 జనవరి 1 నుంచి అమలైంది. ఇంట్లో పాత ట్రంకు పెట్టెలో 38-ఇ కాగితం ఉందేమో వెతకండి. మీ ముత్తాత వేరే ఊరి నుంచి వచ్చి మొదట కౌలుకు చేసి ఉంటే, ఆయన మొదటి జాడ పట్టా కాగితాల్లో కాకుండా ఇక్కడ దొరుకుతుంది.

ఇంకా వెనక్కి పోతే సేత్వార్, వసూల్ బాకీ అనే సర్వే రిజిస్టర్లు. నిజాం దివాన్ సాలార్‌జంగ్ సంస్కరణల్లో 1865లో జిల్లాబందీ, అంటే రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టడం, జరిగింది, 1875లో సర్వే సెటిల్‌మెంట్ శాఖ ఏర్పడింది. ఆ తర్వాత దశాబ్దాల్లో ఒక్కో తాలూకా కొలుస్తూ వచ్చారు. ఊరి మొదటి సర్వే, బందోబస్తు పూర్తయ్యాక తయారైన మూల రిజిస్టరే సేత్వార్. నంబరు, విస్తీర్ణం, ఖుష్కీనా తరీనా (నీటిపారుదల ఉన్న మాగాణా), శిస్తు ఎంత, పట్టాదారు ఎవరు అన్నది అందులో ఉంటుంది. తర్వాత నంబరు ముక్కలైతే ఆ మార్పులు వసూల్ బాకీలోనో సప్లిమెంటరీ సేత్వార్‌లోనో కనిపిస్తాయి. ఇవి జిల్లా సర్వే ల్యాండ్ రికార్డ్స్ ఆఫీసులో, హైదరాబాద్ నారాయణగూడలోని సర్వే కమిషనర్ కార్యాలయంలో అడగాలి. ఊరి నక్ష, అంటే సర్వే పటం, కూడా అక్కడే తీసుకోండి. నక్ష చేతిలో ఉంటే మీ చెలకకు నాలుగు పక్కలా ఉన్న నంబర్లు తెలుస్తాయి. పక్క నంబర్ల పట్టాదార్ల పేర్లు కూడా రాసుకోండి, ఎందుకంటే పాలివాళ్ల, అంటే ఒకే వంశపు దాయాదుల, భూములు చాలాసార్లు ఒకదాని పక్కన ఒకటే ఉంటాయి.

ఒక సామాన్య రైతు కుటుంబానికి సేత్వారే దాదాపు చివరి మెట్టు. అంతకు ముందు శిస్తు లెక్కలు ఎక్కువగా ఊరి మొత్తానికి, దేశ్‌ముఖ్, దేశ్‌పాండే, గుత్తేదారు పేర్ల మీద నడిచేవి. దున్నేవాడి పేరు సర్కారు కాగితం మీదకు రావడం అరుదు. ఇనాం ఉన్నవాళ్లకు మాత్రం దారి ఇంకొంచెం ఉంది. గుడి మాన్యం, నీరటి (చెరువు నీళ్లు పారించే పని), సేత్‌సింధీ (ఊరి కావలి పని), పట్వారీ వతన్, పటేల్‌గిరీ, ఇలా ఏ సేవకో ఇనాం భూమి ఉన్న ఇంటికి వారసత్వ విచారణ జరిగేది, దాని తీర్పును ముంతకబ్ అంటారు. అందులో మూలపురుషుడి నుంచి వరుస ఉంటుంది. మీ భూముల్లో ఏదైనా ఇనాం అని తేలితే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ దాకా పోవడం వృథా కాదు. మీ ఊరు జాగీరు గ్రామమా అని కూడా అడగండి. జాగీరు ఊళ్ల లెక్కలు 1949 దాకా జాగీర్దారు కచేరీలో ఉండేవి, సర్కారుకు వచ్చినవి అంతంత మాత్రమే. ఇంకో కారణం కూడా ఉంది. 1946 నుంచి 1951 దాకా సాయుధ పోరాటంలో జనగామ, వరంగల్, నల్లగొండ పల్లెల్లో గడీల మీద పడి అప్పు నోట్లు, లెక్క పుస్తకాలు కాల్చేశారు. మీ ఊళ్లో ఆ కట్టలు లేకపోతే దాని వెనక ఎవరి అప్పు బాధ ఉందో ఊరి పెద్దల్ని అడగండి, అది కూడా మీ కుటుంబ చరిత్రే.

తారీఖుల దగ్గర జాగ్రత్త. రికార్డుల మీద ఫసలీ సంవత్సరం, అంటే శిస్తు లెక్కలకు వాడిన పంట సంవత్సరం, ఉంటుంది. మామూలుగా 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది. 1364 ఫసలీ అంటే 1954-55. నిజాం కాలంలో ఏడాది ఆజూర్ నెలతో, అంటే అక్టోబరు మొదటివారంలో మొదలయ్యేది. అందుకని తర్వాతి జనవరి నుంచి సెప్టెంబరు దాకా పడే నెలలకు 591 కలపాలి.

భాష సంగతి. 1884 ప్రాంతంలో సర్కారు పని పార్సీ నుంచి ఉర్దూకు మారింది, కాబట్టి సేత్వార్, పాత పహాణీలు ఉర్దూలోనే ఉంటాయి. ఉర్దూ వచ్చినవాళ్లందరూ వాటిని చదవలేరు. గొలుసుకట్టు షికస్తా రాత, చుక్కలు ఎగిరిపోయి ఉంటాయి, శిస్తు మొత్తాలు రఖం అనే వేరే గుర్తుల్లో ఉంటాయి. రిటైరైన గిర్దావర్లు (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్లు), పాత పట్వారీ కుటుంబాల పెద్దలు, కోర్టుల దగ్గర అనువాదం చేసేవాళ్లు చదవగలరు. ఒక్కరి మాట మీద ఆగకండి, ఇద్దరితో విడివిడిగా చదివించండి. మీకు కావలసిన పేరు ముందే చెప్పకండి. చెబితే ఆ పేరే కనిపిస్తుంది. చుక్కల తేడాతో పుల్లయ్య బుల్లయ్య అవుతాడు. ఎల్లయ్య, ఐలయ్య ఆ లిపిలో ఒకేలా కనిపించవచ్చు. మన వైపు ఐలయ్య అంటే ఐనవోలు మల్లన్న పేరు, కొమురయ్య అంటే కొమురవెల్లి మల్లన్న పేరు. ఏ దేవుని పేరు ఆ ఇంట్లో తిరుగుతుందో తెలిస్తే రాత ఏదని నిర్ణయించడం తేలిక.

పేర్లు మనుమలకు మళ్లీ వస్తాయి, ఇది మరవొద్దు. మల్లయ్య కొడుకు రాజయ్య, రాజయ్య కొడుకు మళ్లీ మల్లయ్య. వలద్ తర్వాతి పేరు, సంవత్సరం రెండూ కలిపి చూడకపోతే తాతను మనుమడి స్థానంలో పెట్టేస్తారు. ఊళ్లో అదే పేరు, అదే తండ్రి పేరు ఉన్న ఇద్దరు కూడా ఉంటారు. అప్పుడు మనిషిని తేల్చేది సర్వే నంబరే. పాత పేజీల్లో ఇంటిపేరు చాలాసార్లు ఉండదు. కాపు, గొల్ల, మాదిగ అని కులం రాసి ఉంటుంది. అయ్య అనే మర్యాద కూడా చాలామందికి ఉండదు. మల్లడు, రాజిగాడు అని ఉంటుంది. తమ ముత్తాతను సర్కారు అలా రాసిందని చూసి కళ్లు తుడుచుకున్నవాళ్లను చూశాను. మీ కాపీలో ఆ పేరును దిద్దకండి. రికార్డులో ఉన్నది ఉన్నట్టు ఒక కాలమ్‌లో, ఇంట్లో పిలుచుకునే పేరు దాని పక్కన రాసుకోండి.

ఆడవాళ్ల పేర్లు తక్కువే కనిపిస్తాయి కానీ బొత్తిగా లేకపోలేదు. "జౌజే" అంటే ఫలానా వారి భార్య, "బేవా" అంటే భర్త చనిపోయిన మనిషి. కొడుకులు చిన్నపిల్లలైనప్పుడు తల్లి పేరు మీద పట్టా నడిచిన ఇళ్లు ఎన్నో. అలాంటి వరుస కనిపిస్తే దాని ముందూ వెనకా బాగా చూడండి, ఆ కుటుంబం ఎంత కష్టం దాటి నిలబడిందో అక్కడే ఉంటుంది.

మీ మల్లయ్య వేరే ఊరి నుంచి వచ్చాడన్నారు కదా, నాకు మొదట తట్టేది ఇల్లరికం. కొడుకులు లేని ఇంట్లో అల్లుణ్ణి తెచ్చుకుని భూమి అప్పజెప్పడం మన వ్యవసాయ కుటుంబాల్లో మామూలు. అదే జరిగి ఉంటే 214 నంబరు సేత్వార్‌లో కనిపించే పట్టాదారు మీ ముత్తవ్వ తండ్రి. ఆ వరుస కూడా మీదే, తీసేయకండి. మల్లయ్య పుట్టిన వంశం మాత్రం ఇంకో ఊరి రిజిస్టర్‌లో ఉంటుంది. దత్తత అయినా ఇంతే. ఎలా గుర్తుపట్టాలంటే, పాత పట్టాదారుకూ మల్లయ్యకూ వలద్ సంబంధం లేకుండా అమ్మకం ప్రస్తావన కూడా లేకుండా పేరు మారితే ఇల్లరికమో దత్తతో అనుకోవచ్చు. ఊళ్లో మీ పాలివాళ్లు ఎవరూ లేకపోవడం, మీ ఇంటిపేరు ఆ ఊళ్లో మీదొక్కటే కావడం కూడా అదే చెబుతాయి.

పుట్టిన ఊరు ఏదన్నది తేల్చడానికి సర్కారు కాగితం కంటే మనుషులు ఎక్కువ పనికొస్తారు. మన కులాలకు వంశం చెప్పే ఆశ్రిత కులాలు ఉన్నాయి. రెడ్లకు, కాపులకు పిచ్చకుంట్లవాళ్లు, ముదిరాజ్‌లకు కాకిపడగలవాళ్లు, గొల్లలకు మందెచ్చులవాళ్లు, పద్మశాలీలకు కూనపులివాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు, విశ్వబ్రాహ్మణులకు రుంజవాళ్లు, గోండులకు ప్రధాన్‌లు. ఊళ్లు వాళ్లకు మిరాశి కింద పంచి ఉంటాయి, ఫలానా ఊళ్లలో కథ చెప్పే హక్కు ఫలానా కుటుంబానిదే. పంటలు చేతికొచ్చాక వచ్చి కులపురాణం చెప్పి, ఇంటింటి గోత్రం, ఇంటిపేరు, మూలపురుషులు, ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చారన్నది వల్లిస్తారు. మీ ఊరి మిరాశి ఏ కుటుంబానిదో కులపెద్దను అడిగితే తెలుస్తుంది. వాళ్ల నుంచి తేదీలు ఆశించకండి, పైతరాలు దేవతల దాకా పోతాయి. కానీ మీ ఇంటిపేరువాళ్లు ఏయే ఊళ్లలో ఉన్నారన్నది వాళ్లకు తెలిసినంతగా ఏ ఆఫీసుకూ తెలియదు. వాళ్ల విద్యను విద్యగా గౌరవించండి, ఇవ్వాల్సిన త్యాగం, అంటే ఆనవాయితీగా ఇచ్చే కట్నం, నిండుగా ఇవ్వండి, అనుమతి అడిగి రికార్డు చేసుకోండి. ఈ పని వదిలి కూలికి పోతున్న కుటుంబాలు పెరిగాయి. ఇది మాత్రం వచ్చే ఏడాదికి వాయిదా వేయొద్దని గట్టిగా చెబుతున్నాను. ఖాస్రా పహాణీ ఇంకో పదేళ్లకైనా బీరువాలో ఉంటుంది.

ఇంకో ఆధారం మీ ఇలవేల్పు. ఊళ్లో అందరూ ఐనవోలుకు పోతుంటే మీ ఇంట్లో మాత్రం పుట్టువెంట్రుకలు కొత్తకొండ వీరభద్రునికో ధర్మపురి నరసన్నకో ఇచ్చే ఆనవాయితీ ఉంటే, అది పాత ఊరి వైపు చూపిస్తుంది. పెత్రమాస నాడు పెద్దలకు బియ్యం ఇచ్చేటప్పుడు చదివే పేర్లు కూడా రాసుకోండి. మూడు తరాల పేర్లు పలికే ఇళ్లు ఇంకా ఉన్నాయి, మీ ఇంట్లో లేకున్నా పాలివాళ్ల ఇంట్లో ఉండొచ్చు. కాశీ, గయ పోయిన పెద్దలెవరైనా ఉంటే అక్కడి పండాల (తీర్థ పురోహితుల) బహీల్లో, అంటే యాత్రికుల పేర్లు రాసుకునే పుస్తకాల్లో, ఊరు, తండ్రి పేరుతో నమోదు అయి ఉండే అవకాశం ఉంది.

మిగతా కాగితాలు త్వరగా చెబుతాను. బడిలో అడ్మిషన్ రిజిస్టర్, అందులో తండ్రి పేరు ఉంటుంది, పుట్టిన తేదీ మాత్రం చాలావరకు హెడ్‌మాస్టరు అంచనా. పాత ఓటరు జాబితాలు, ఇంటి నంబరుతో సహా ఉంటాయి కాబట్టి ఎవరెవరు ఒకే ఇంట్లో ఉన్నారో తెలుస్తుంది. జనాభా లెక్కల్లో మనిషి వారీ వివరాలు చూడనివ్వరు, చట్టమే ఒప్పుకోదు. పెద్ద కమతం ఉన్న ఇల్లైతే 1973 భూసంస్కరణల చట్టం కింద ఇచ్చిన డిక్లరేషన్‌లో కుటుంబ సభ్యుల వివరాలు ఉంటాయి. కాలువకో, రైల్వేకో, సింగరేణికో, మానేరు డ్యామ్‌కో భూమి పోయి ఉంటే భూసేకరణ అవార్డులో వారసులందరి పేర్లు ఉంటాయి. వాటాల దావా నడిచిన ఇంటికి మున్సిఫ్ కోర్టు ఫైలులో వంశవృక్షమే గీసి ఉంటుంది. రిజిస్ట్రేషన్ ఆఫీసు మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి, మన పల్లెల్లో అమ్మకాలు చాలావరకు తెల్లకాగితం మీద సాదా బైనామాలే.

దరఖాస్తు ఎలా రాయాలన్నది ముఖ్యం. "మా ముత్తాత మల్లయ్య భూముల వివరాలు ఇవ్వగలరు" అని రాస్తే తిప్పి పంపుతారు. ఇలా రాయండి: "పాత పరకాల తాలూకా, ఫలానా రెవెన్యూ గ్రామం, సర్వే నంబర్లు 214, 215కు సంబంధించి 1954-55 ఖాస్రా పహాణీ, 1955-58 చేసాల పహాణీ, రక్షిత కౌలుదారుల రిజిస్టర్‌లలోని సంబంధిత పేజీల ధృవీకరించిన నకళ్లు." సేత్వార్, వసూల్ బాకీకి సర్వే ఆఫీసుకు వేరే దరఖాస్తు. మామూలు నకలు దరఖాస్తుకు కదలిక లేకపోతే సమాచార హక్కు కింద పెట్టండి. మండల ఆఫీసుకైతే ఫీజు 5 రూపాయలు, జిల్లా స్థాయికి 10. లేదని జవాబిస్తే, లేదన్న మాట రాతపూర్వకంగా తీసుకోండి, పై ఆఫీసులో అడగడానికి అదే ఆధారం.

ఇంకో మాట మనసులో పెట్టుకోండి. పాత నంబర్ల గురించి అడుగుతున్నారంటే ఊళ్లో అందరికీ టెన్షన్ మొదలవుతుంది. ఇప్పుడు ఆ భూమి దున్నుతున్నవాళ్లు మీరు హక్కు కోసం వచ్చారనుకుంటారు. దరఖాస్తు పెట్టేముందే వాళ్ల ఇంటికి పోయి, మీకు కావలసింది పెద్దల పేర్లేనని చెప్పండి. నిజాయితీగా చెబితే చాలాసార్లు వాళ్లే పాత కాగితం తెచ్చి చూపిస్తారు. ఏ కాగితం మీదా మీ హక్కు అన్నట్టు ఏమీ రాయకండి, ఎవరి సంతకమూ అడగకండి.

భూమే లేని కూలి కుటుంబాలకు, దొరల దగ్గర పాలేర్లుగా జీతం ఉన్న కుటుంబాలకు ఈ దారి సగంలో ఆగుతుంది, అది నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది. వాళ్లకు కౌలు రిజిస్టర్, తర్వాత వచ్చిన లావోణి పట్టాలు (సర్కారు భూమి పేదలకు పంచినవి), బడి రిజిస్టర్, ఆశ్రిత కులాల నోటి మాట, ఇవే ఆధారం. మీ ఊళ్లో అలాంటి కుటుంబం పేరు ఏ వరుసలో కనిపించినా, మీది కాకపోయినా, రాసుకుని వాళ్లకు చెప్పండి.

ప్రస్తుతానికి మీరు చేయాల్సింది మూల నంబర్లు తీయడం, ఖాస్రా, చేసాల నకళ్లకు దరఖాస్తు పెట్టడం, మీ మిరాశి కుటుంబాన్ని వెతకడం. సేత్వార్ నకలు ఉర్దూలో వచ్చి చదవలేకపోతే ఫొటో పెట్టండి, నేను చదివి చెబుతాను. ఒక్క వరుసే కత్తిరించి పెట్టకండి. పైన కాలమ్ శీర్షికలు, కింద తారీఖు, ముహరు కనిపించేలా పేజీ మొత్తం తీయండి. పక్క నంబర్ల వరుసలు కూడా నాకు కావాలి.